కన్సోల్ మీద రొద తగ్గించాలంటే: సిస్‌లాగ్ లెక్కపెట్టి, ఏ మెసేజ్ సప్రెస్ చేయొచ్చో తేల్చుకోవడం

గచ్చిబౌలిలో మా ఆపరేషన్స్ గదిలో ఉదయం షిఫ్ట్ అంటే ఎవరూ ముందుకు రారు. న్యూయార్క్‌లో రాత్రి 8 గంటలకు బ్యాచ్ మొదలైతే మనకి తెల్లవారి 5:30. అక్కడ గడియారం వెనక్కి తిప్పుకున్న నెలల్లో అయితే 6:30. క్యాబ్ దిగి, చాయ్ కప్పు ఇంకా చేతిలో ఉండగానే కన్సోల్ మీద మెసేజ్‌లు వరద కాలవలా పారుతుంటాయి. జాబ్ మొదలైంది, జాబ్ అయిపోయింది, ఎవరో లాగాన్ అయ్యారు, టేప్ ఎక్కింది, దిగింది. వీటి మధ్యలో ఒక్క అబెండ్ లైన్, అంటే జాబ్ మధ్యలోనే ఆగి చచ్చిందనే లైన్, వస్తే, కన్ను పడేలోపే అది పైకి వెళ్ళిపోతుంది.

ఈ రొద తగ్గించడానికి ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ జడ్/ఓఎస్‌లో ఎంపీఎఫ్, అంటే మెసేజ్ ప్రాసెసింగ్ ఫెసిలిటీ, ఎప్పటి నుంచో ఉంది. దాన్ని వాడటం తేలికే. ఏ మెసేజ్‌ని ఆపాలి, దేన్ని ఆపకూడదు అని తేల్చుకోవడంలోనే కష్టమంతా ఉంది. అమీర్‌పేటలో జేసీఎల్, కోబాల్ నేర్చుకుని కొత్తగా సిస్టమ్స్ వైపు వచ్చినవాళ్ళ కోసం ఈ పని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. మెసేజ్ ఐడీలు, కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కన్సోల్ మీద ఇంగ్లిష్‌లోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఒక భయం తీరుద్దాం

సప్రెస్ చేయడమంటే మెసేజ్‌ని చెరిపేయడం కాదు. ఎంపీఎఫ్ లిస్టులో ఒక ఐడీకి సప్(యస్) అని రాస్తే అది కన్సోల్ తెర మీదకి రాదు, అంతే. మెసేజ్‌లన్నీ రికార్డయ్యే హార్డ్‌కాపీ లాగ్‌లో ఎప్పటిలాగే పడుతుంది. రేపు ఆడిటర్ అడిగినా, ఎల్లుండి ఐబీఎమ్‌కి కేసు పెట్టాల్సి వచ్చినా ఆ లైన్ అక్కడే ఉంటుంది. "రికార్డు పోతుందేమో" అని మేనేజర్లు టెన్షన్ పడితే ఈ మాట చెప్పండి. అయితే అసలు ప్రమాదం వేరే చోట ఉంది. లాగ్‌లో ఉన్నదాన్ని ఆ సమయానికి ఎవరూ చూడకపోవచ్చు. దాని సంగతి కిందికి వెళ్ళాక చెప్తాను, నాకు అనుభవమే.

1. ఏ లాగ్, ఎన్ని రోజులది

మొదట 'డీ సీ,హెచ్‌సీ' కొట్టండి. మీ హార్డ్‌కాపీ సిస్‌లాగ్‌కి వెళ్తోందా, ఆపర్‌లాగ్‌కి వెళ్తోందా, రెండిటికీనా అన్నది కనిపిస్తుంది. సిస్‌లాగ్ ఏ సిస్టమ్‌ది ఆ సిస్టమ్‌కే. ఆపర్‌లాగ్‌లో మాత్రం సిస్‌ప్లెక్స్‌లోని (జట్టుగా పనిచేసే సిస్టమ్‌ల గుంపు) సిస్టమ్‌లన్నీ ఒకే లాగ్ స్ట్రీమ్‌లో కలిసి ఉంటాయి. కాబట్టి ఆపర్‌లాగ్ తీసుకుంటే ప్రతి లైన్‌లో సిస్టమ్ పేరు చూసి విడదీయాలి. లేకపోతే టెస్ట్ ఎల్‌పార్‌లో (ఒకే మెషీన్‌ని విడగొట్టి, విడి సిస్టమ్‌లా నడిపే భాగం) డెవలపర్లు చేసే గోలంతా ప్రొడక్షన్ ఖాతాలో పడుతుంది.

చాలా షాపుల్లో సిస్‌లాగ్‌ని రోజూ ఒక జీడీజీలోకి (పాత కాపీల వెనక కొత్త కాపీ చేరుతూ పోయే డేటాసెట్‌ల వరస) దించి పెడతారు. అది ఉంటే అదృష్టం. లేదంటే జాబ్‌లు, లాగ్‌లు చూసే ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో లాగ్ తెరిచి ప్రింట్ కమాండ్‌తో డేటాసెట్‌లోకి తీసుకోవచ్చు. ఆపర్‌లాగ్‌ని సిస్‌లాగ్ రూపంలోకి మార్చడానికి ఐబీఎమ్ నమూనాల లైబ్రరీ శాంప్‌లిబ్‌లో ఐఈఏఎమ్‌డీబీఎల్‌జీ అనే నమూనా ప్రోగ్రామ్ ఉంది.

ఒక్క రోజు లాగ్ చాలదు. మామూలు మంగళవారం ఒకటి, నెలాఖరు ఒకటి, ఐపీఎల్ (క్రికెట్ కాదు, సిస్టమ్‌ని మళ్ళీ మొదలుపెట్టడం) జరిగిన ఆదివారం ఒకటి తీసుకోండి. నెలాఖరులో వచ్చే మెసేజ్‌లు మంగళవారం నాడు కలికానికైనా దొరకవు. ఐపీఎల్ రోజు లెక్కని మాత్రం పక్కన పెట్టుకోండి. ఆ అరగంటలో వచ్చే మెసేజ్‌లని మిగతా రోజులతో కలిపితే జాబితా అంతా తారుమారవుతుంది.

2. ఒక్క లైన్‌ని నిదానంగా చదవండి

లెక్కలోకి దిగే ముందు ఒక లైన్‌ని ముందు పెట్టుకుని కూర్చోండి. ఉదాహరణకి ఇలా ఉందనుకుందాం:

ఎన్ 4000000 సిస్ఏ 25100 20:14:07.52 జాబ్04417 00000090 ఐఈఎఫ్403ఐ పేజాబ్1 - స్టార్టెడ్

మొదటి అక్షరం రికార్డు రకం. 'ఎన్' అంటే ఒక్క లైన్‌లో అయిపోయే మెసేజ్. 'ఎమ్' అంటే పలు లైన్ల మెసేజ్‌కి మొదటి లైన్, 'డీ' మధ్య లైన్లు, 'ఈ' చివరిది. 'ఎస్' పై లైన్‌కి కొనసాగింపు. 'డబ్ల్యూ' అంటే ఆపరేటర్ జవాబు కోసం ఎదురు చూసే మెసేజ్. పక్కనే రెండో కాలమ్‌లో 'సీ' ఉంటే అది ఆపరేటర్ కొట్టిన కమాండ్, 'ఐ' ఉంటే సిస్టమ్ లోపల నుంచి వచ్చిన కమాండ్, 'ఆర్' ఉంటే కమాండ్‌కి జవాబు. ఖాళీగా ఉన్నవే మనకి ముఖ్యం.

తర్వాతి ఏడు అంకెలు రౌటింగ్ కోడ్లు, హెక్సాలో. మొదటి 28 కోడ్లకి ఒక్కో బిట్. 4000000 అంటే రెండో బిట్, అంటే రౌటింగ్ కోడ్ 2, ఆపరేటర్‌కి సమాచారం. 8000000 అయితే కోడ్ 1, ఆపరేటర్ ఏదో చేయాలి. 0020000 అయితే కోడ్ 11, ప్రోగ్రామర్‌కి సమాచారం. దీన్ని సాధారణంగా కన్సోల్‌కి కేటాయించరు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ లెక్కంతా దీని మీదే ఆధారపడి ఉంది. లాగ్‌లో లక్షసార్లు ఉన్న మెసేజ్ కన్సోల్ మీదకి ఒక్కసారి కూడా రాకపోవచ్చు. దాన్ని సప్రెస్ చేసి "ఇంత తగ్గించాం" అని స్లైడ్ వేసుకోవచ్చు గానీ ఆపరేటర్‌కి ఒరిగేదేమీ లేదు.

25100 అంటే 2025లో 100వ రోజు, ఏప్రిల్ 10. సమయం ఆ సిస్టమ్ స్థానిక సమయం. రాత్రి 8:14కి అక్కడ పడిన ఈ లైన్‌ని మనం ఇక్కడ 11వ తేదీ తెల్లవారి 5:44కి చూశాం. "నిన్న పొద్దున వచ్చింది సార్" అని ఆపరేటర్ చెప్తే ఏ తేదీ లాగ్ తెరవాలో ముందు అడగండి. ఈ ఒక్క గందరగోళంలో నేను పోగొట్టుకున్న గంటలు కలిపితే ఒక వారం సెలవు వస్తుంది.

ఆ తర్వాత జాబ్ నంబర్, ఎగ్జిట్లు, సప్రెషన్ సంగతులు చెప్పే ఎనిమిది హెక్స్ అంకెలు, చివరికి మెసేజ్.

3. లెక్కపెట్టడం

ఐబీఎమ్ సార్ట్ ప్రోగ్రామ్ డీఎఫ్‌సార్ట్ ఉంటే, దాని ఐస్‌టూల్‌లో 'ఆకర్' ఆపరేటర్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. మెసేజ్ ఐడీ ఉన్న స్థానం, పొడవు ఇచ్చి, వాల్‌సీఎన్‌టీ అడిగితే ఏ ఐడీ ఎన్నిసార్లు వచ్చిందో రాసిస్తుంది. 'హయ్యర్' అని ఒక సంఖ్య ఇస్తే అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవే చూపిస్తుంది. కాకపోతే రిపోర్టు ఐడీ వరసలో వస్తుంది, సంఖ్య వరసలో కాదు. ఎక్సెల్‌లోకి దించుకుని పెద్దది పైకి వచ్చేలా మళ్ళీ సార్ట్ చేసుకోవాలి.

స్థానం అన్నాను కదా, వేరేవాళ్ళ జాబ్ నుంచి ఆ నంబర్ కాపీ కొట్టకండి. కన్సోల్ పార్మ్ మెంబర్‌లో (కన్సోల్ సెట్టింగులు ఉండే ఫైల్) హెచ్‌సీఫార్మాట్ 'సెంచరీ' అని ఉంటే సంవత్సరం నాలుగు అంకెల్లో వస్తుంది, అక్కడి నుంచి అన్నీ రెండు కాలమ్‌లు జరుగుతాయి. డేటాసెట్ వేరియబుల్ లెంగ్త్ అయితే ముందు నాలుగు బైట్లు పొడవుకే పోతాయి, వాటినీ కలుపుకోవాలి. బ్రౌజ్‌లో కాలమ్ గీత పెట్టుకుని మీ కళ్ళతో చూసుకోండి. లేఅవుట్ పూర్తిగా కావాలంటే ఐహెచ్‌ఏహెచ్‌సీలాగ్ అనే మాక్రోలో ఉంటుంది.

నాకు మాత్రం రెక్స్ అనే స్క్రిప్టు భాష ఇష్టం, ఎందుకంటే మినహాయింపులు రాసుకోవచ్చు. 'కౌంట్.' అనే స్టెమ్‌ని (రెక్స్‌లో అర్రే లాంటిది) మొదట సున్నా చేసి, లైన్ చదివి, మొదటి అక్షరం ఎన్, ఎమ్, డబ్ల్యూ అయితేనే మెసేజ్‌లోని మొదటి మాట తీసుకుని దాని కౌంట్ ఒకటి పెంచడం. లోపలి పనంతా ఇదే. లాగ్ మొత్తాన్ని ఒకేసారి స్టెమ్‌లోకి లాగొద్దు, మెమరీ చాలక ఆగిపోతుంది. ఫైల్ చదివే ఎగ్జెక్‌ఐఓకి ఒక్కో విడతకి 5000 లైన్లు అడగండి.

మినహాయింపులు ఏవంటారా? అధికారం లేని ప్రోగ్రామ్‌లు రాసే మెసేజ్ ముందు '+' గుర్తు ఉంటుంది, ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సీఐసీఎస్ రీజియన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. చర్య అడిగే మెసేజ్ ముందు '*' గానీ '@' గానీ ఉంటుంది. వీటిని తీసేసి లెక్కించాలి, లేకపోతే ఒకే ఐడీ రెండు వరసల్లో విడిపోతుంది. జవాబు కోరే మెసేజ్‌లో మొదటి మాట రిప్లై నంబర్, ఐడీ రెండో మాట. ఐఈఎఫ్196ఐ అనేది మాస్టర్ సబ్‌సిస్టమ్ కింద నడిచే పనుల జాబ్‌లాగ్ లైన్లని లాగ్‌లోకి మోసుకొచ్చే మెసేజ్. అందులో అసలు ఐడీ పక్క మాటలో ఉంటుంది. దాన్ని విడిగా లెక్కపెట్టండి.

ఐబీఎమ్ వాళ్ళ సాధనాల్లో ఎంఎస్‌జీఎల్‌జీ610 అని ఒక లాగ్ విశ్లేషణ ప్రోగ్రామ్ కూడా ఉంది. ఉంటే వాడుకోండి. అయినా కొత్తవాళ్ళు ఒక్కసారైనా చేత్తో రాసి లెక్కపెట్టాలంటాను. ఆ లైన్లు కళ్ళకి అలవాటవుతాయి.

మొత్తం సంఖ్యతో పాటు నిమిషానికి ఎన్ని అన్నది కూడా తీయండి. రోజంతా చెదురుమదురుగా 10 వేలు వచ్చే మెసేజ్ వేరు, 3 నిమిషాల్లో 10 వేలు కుమ్మరించే మెసేజ్ వేరు. రెండోది డబ్ల్యూటీఓ బఫర్లు (కన్సోల్‌కి వెళ్ళే మెసేజ్‌లు ఆగే మెమరీ) నింపేస్తుంది. 80 శాతం నిండితే ఐఈఏ405ఈ, పూర్తిగా నిండితే ఐఈఏ404ఏ వస్తాయి. మీ లాగ్‌లో ఈ రెండూ కనిపిస్తే వాటి ముందు నిమిషంలో ఏం జరిగిందో చూడండి. అలాంటి ఉప్పెనలకి ఎంపీఎఫ్ లిస్టు ఒక్కటే మందు కాదు. మెసేజ్ ఫ్లడ్ ఆటోమేషన్ అని, ఎంఎస్‌జీఎఫ్‌ఎల్‌డీ మెంబర్‌తో నడిచే సదుపాయం దానికే ఉంది.

చివరిగా 'డీ ఎంపీఎఫ్' కొట్టి, ఇప్పటికే సప్రెస్ అవుతున్నవాటిని జాబితాలోంచి కొట్టేయండి. పదేళ్ళ కిందట ఎవరో ఆపేసిన మెసేజ్‌ని మళ్ళీ ఆపడానికి మీటింగ్ పెట్టిన సందర్భం నాకు తెలుసు.

4. జల్లెడ పట్టడం

ఇప్పుడు మీ దగ్గర పెద్ద సంఖ్య పైన ఉన్న జాబితా ఉంది. నేను చూసిన ఏ లాగ్‌లోనైనా మొదటి 20 ఐడీలే సగానికి పైగా రొద చేస్తాయి. చేయి ఊరుకోదు, 20కి 20 ఆపేద్దామనిపిస్తుంది. ఇక్కడే ఆగాలి. ఎన్నిసార్లు వచ్చిందన్నది ఎక్కడ వెతకాలో చెప్తుంది, ఏం చేయాలో చెప్పదు. ఏం చేయాలో చెప్పేది ఒకే ప్రశ్న: ఈ మెసేజ్ చూసి ఎవరు ఏం చేస్తారు?

తేలికైనవి ముందు. ఐడీ చివర అక్షరం ఏ, డీ, ఈ, ఎస్, డబ్ల్యూ అయితే ముట్టుకోకండి. ఏ అంటే వెంటనే చర్య, డీ అంటే నిర్ణయం, ఈ అంటే కాసేపట్లో చర్య. డీబీ2 యాక్టివ్ లాగ్ నిండుతోందని చెప్పే డీఎస్ఎన్‌జే110ఈ లాంటిది ఎన్నిసార్లు వచ్చినా తెర మీద ఉండాల్సిందే. 'ఐ' ఉంటే సమాచారం, అవే మన అభ్యర్థులు.

కానీ 'ఐ' ని గుడ్డిగా నమ్మొద్దు. జాబ్ అబెండ్ అయిందని చెప్పే ఐఈఎఫ్450ఐ చివర ఉన్నదీ ఐ. జేసీఎల్ తప్పుతో జాబ్ ఆగిందని చెప్పే ఐఈఎఫ్453ఐ చివరా ఐ. స్పేస్ అయిపోయి డీ37 కొట్టిందని చెప్పే ఐఈసీ031ఐ కూడా అంతే. వీటిని ఆపితే ఆపరేటర్‌ని కూర్చోబెట్టడమే దండగ.

జాబ్ మొదలు, ముగింపు మెసేజ్‌లు ఎప్పుడూ జాబితా పైనే ఉంటాయి. జాబ్‌లని వరసలో పెట్టి నడిపించే జెస్2 నుంచి $హాస్ప్373 స్టార్టెడ్, $హాస్ప్395 ఎండెడ్. ఎంవీఎస్ (జడ్/ఓఎస్ మూలభాగం) వైపు నుంచి ఐఈఎఫ్403ఐ, ఐఈఎఫ్404ఐ అదే మాట మళ్ళీ చెప్తాయి. ఒకే పెళ్ళికి అబ్బాయివాళ్ళు ఒక కార్డు, అమ్మాయివాళ్ళు ఒక కార్డు పంపినట్టు. రెండిట్లో ఒక జత చాలు. ఏ జతని ఉంచాలన్నది మీ ఆటోమేషన్ దేన్ని పట్టుకుని నడుస్తోందో చూసి తేల్చండి. టెర్మినల్ నుంచి పనిచేసే టీఎస్‌ఓ యూజర్లు లాగాన్, లాగాఫ్ అయినట్టు చెప్పే ఐఈఎఫ్125ఐ, ఐఈఎఫ్126ఐ చాలా షాపుల్లో నిశ్చింతగా ఆపేయొచ్చు.

ఇక అసలు పరీక్ష ఐసీహెచ్408ఐ. ఎవరికో యాక్సెస్ లేదని సెక్యూరిటీ చూసే ర్యాక్‌ఎఫ్ చెప్పే మాట ఇది. ఒకసారి మా లెక్కలో ఇది మూడో స్థానంలో ఉంది. జట్టులో కొత్త కుర్రాడు దాని మీద ఆకుపచ్చ రంగు వేసి "సప్రెస్" అని రాశాడు. లైన్లు తెరిచి చూస్తే దాదాపు అన్నీ ఒకే యూజర్ ఐడీ, ఒకే డేటాసెట్, కొన్ని సెకన్లకోసారి. ఒక స్టార్టెడ్ టాస్క్‌కి పర్మిషన్ తీసేశారు, అదేమో అలసట లేకుండా మళ్ళీ మళ్ళీ తలుపు తడుతోంది. సెక్యూరిటీ వాళ్ళకి టికెట్ పెడితే పావుగంటలో ఆ మెసేజ్ దానంతటదే ఆగిపోయింది. దాన్ని సప్రెస్ చేసి ఉంటే రేపు ఎవరైనా నిజంగా దొంగచాటుగా తలుపు తట్టినా మాకు వినపడేది కాదు. లోపం వల్ల వచ్చే మెసేజ్‌కి మందు లోపం దగ్గరే వేయాలి. అందుకే నా షీట్‌లో రెండు తీర్పులు కావు, మూడు ఉంటాయి: ఆపు, ఉంచు, బాగుచేయి. మూడో గడిలో పడినవి ఎక్కువైతే ఆ లాగ్ చదివినందుకు గిట్టుబాటు అయినట్టే.

5. ఆపరేటర్లని అడగండి

ఈ మెట్టుని అందరూ దాటేస్తారు. జాబితా ప్రింట్ తీసుకుని షిఫ్ట్ మారే వేళ వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మెయిల్ పెడితే "ఓకే" అని జవాబు వస్తుంది, అంతకంటే ఏమీ రాదు.

$హాస్ప్395 తీసేద్దామని నేను వెళ్ళినప్పుడు మా సీనియర్ ఆపరేటర్ పేజీ మీద వేలు పెట్టి అన్నాడు: "అన్నా, ఇది తీసేస్తే ఎట్ల? ఆ మొదటి ఎక్స్‌ట్రాక్ట్ జాబ్ ఎండెడ్ అని కనపడంగనే నేను టేప్ లైబ్రరీ వాళ్ళకి ఫోన్ కొడతా." ఆ విషయం ఏ రన్‌బుక్‌లోనూ లేదు. ఎనిమిదేళ్ళుగా ఆయన కంటి అలవాటు అది. ఎంపీఎఫ్ లిస్టు మెసేజ్ ఐడీని బట్టే నడుస్తుంది. "ఈ జాబ్‌ది ఉంచు, మిగతావి ఆపు" అనాలంటే యూజర్‌ఎగ్జిట్ (మనం రాసి సిస్టమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) రాయాలి. ఒక్క జాబ్ కోసం అసెంబ్లర్ ఎగ్జిట్ ఎందుకని, ఆ జాబ్ చివర షెడ్యూలర్ నుంచే ఒక అలర్ట్ పంపించాం. అప్పుడే $హాస్ప్395 ఆపాం.

6. ఆటోమేషన్ వైపు చూడకుండా రాయకండి

సప్రెస్ అయిన మెసేజ్ కూడా ఆటోమేషన్‌కి చేరుతుంది, ఆటో(యస్) ఉంటే నెట్‌వ్యూ అనే ఆటోమేషన్ సాధనం దాన్ని పట్టుకోగలదు. బాగానే ఉంది. కానీ దీనికి ఎదురు వైపు ఒక గుంట ఉంది. ఎంపీఎఫ్ లిస్టులో ఒక ఐడీ రాసి సప్ సంగతి చెప్పకపోతే, డిఫాల్ట్ ఏమీ మార్చని చోట అది సప్(యస్) కిందే లెక్క. అంటే ఆటోమేషన్ వాళ్ళు ఐడీ పక్కన ఆటో(యస్) మాత్రమే రాసి వెళ్ళిపోతే, ఆ మెసేజ్ కన్సోల్ మీద కూడా మాయమవుతుంది. "ఈ మెసేజ్ ఎందుకు కనిపించట్లేదు" అనే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతాయి. కాబట్టి ప్రతి ఐడీకి సప్ యస్ లేదా నో అని బయటికే రాయండి, డిఫాల్ట్‌కి వదలకండి.

7. రాయడం, ఎక్కించడం

పాత మెంబర్‌ని ముట్టుకోకుండా సిస్టమ్ సెట్టింగుల లైబ్రరీ పార్మ్‌లిబ్‌లో ఎంపీఎఫ్‌ఎల్‌ఎస్‌టీ05 లాంటి కొత్త మెంబర్ పెట్టండి. ఒక్కో ఐడీ ఒక్కో లైన్. పక్కన వ్యాఖ్యలో తేదీ, ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు అన్నది రాయండి.

ఇప్పుడు నా పాపం చెప్పుకోవాలి. ఐడీ చివర నక్షత్రం పెడితే ఆ మొదలుతో వచ్చేవన్నీ ఒకే దెబ్బకి ఆగుతాయి. కొన్నేళ్ళ కిందట ఒక క్లయింట్ సిస్టమ్‌లో బద్ధకించి ఐఈఎఫ్403ఐ, ఐఈఎఫ్404ఐ రెండూ రాసే బదులు ఐఈఎఫ్4* అని రాశాను. రెండు లైన్లు ఒక లైన్ అయ్యాయి. ఆ తోకలోనే 450ఐ కూడా ఉందని తట్టలేదు. రెండో రోజు ఒక బ్యాచ్ జాబ్ అబెండ్ అయింది, కన్సోల్ నిశ్శబ్దంగా ఉంది. కింద జాబ్‌లు కదలట్లేదని 40 నిమిషాల తర్వాత అప్లికేషన్ వాళ్ళు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. లాగ్ తెరిస్తే ఐఈఎఫ్450ఐ బుద్ధిగా అక్కడే కూర్చుని ఉంది. అప్పటి నుంచి నేను నక్షత్రం వాడింది లేదు.

ముందు టెస్ట్ ఎల్‌పార్‌లో ఎక్కించండి: 'సెట్ ఎంపీఎఫ్=(00,05)'. బ్రాకెట్‌లో పాతదీ కొత్తదీ రెండూ ఉండాలి. 'సెట్ ఎంపీఎఫ్=05' అని ఒక్కటే కొడితే 00లో ఉన్నవన్నీ పోయి 05 మాత్రమే మిగులుతుంది. పాత సప్రెషన్‌లన్నీ ఒక్కసారిగా తెర మీదకి దూకుతాయి. తర్వాత 'డీ ఎంపీఎఫ్' తో సరిచూసుకోండి. వెనక్కి వెళ్ళాలంటే 'సెట్ ఎంపీఎఫ్=00'. ఈ కమాండ్‌ని చేంజ్ టికెట్ మొదటి లైన్‌లోనే రాసిపెట్టండి. సెట్ ఒక్క సిస్టమ్‌కే వర్తిస్తుంది. సిస్‌ప్లెక్స్ మొత్తానికి కావాలంటే ముందు 'ఆర్‌ఓ *ఆల్,' తగిలించాలి.

ఒక వారం నిలిచాక కన్సోల్ పార్మ్ మెంబర్‌లో ఇనిట్ స్టేట్‌మెంట్ దగ్గర ఎంపీఎఫ్ విలువ మార్చండి. ఇది మర్చిపోతే తర్వాతి ఐపీఎల్‌తో మీ పనంతా గాలికి పోతుంది. ఆదివారం ఐపీఎల్ తర్వాత సోమవారం పొద్దున్నే "రొద మళ్ళీ వచ్చింది సార్" అని ఫోన్ వస్తే కారణం వెతకనక్కర్లేదు.

8. మళ్ళీ లెక్క

రెండు వారాల తర్వాత అదే రెక్స్‌ని కొత్త లాగ్ మీద నడపండి. సప్రెస్ చేసినవి కూడా లాగ్‌లో ఉంటాయి కాబట్టి మొత్తం సంఖ్య తగ్గదు, కంగారు పడకండి. ఎంపీఎఫ్ లిస్టులో లేనివి ఎన్ని మిగిలాయో అదే చూడాలి. మొదటి వరసలు పక్కకి తప్పుకున్నాక, అంతవరకు వాటి నీడలో ఉన్న మెసేజ్‌లు పైకి వస్తాయి. మాకు బాగుచేయాల్సిన లోపాలు ఎక్కువగా ఈ రెండో లెక్కలోనే దొరికాయి.

ఆ తర్వాత కొత్త ప్రాడక్ట్ పెట్టినప్పుడు, వెర్షన్ మారినప్పుడు మళ్ళీ ఒకసారి చూస్తే చాలు. అప్పుడు లిస్టులో ఉన్న ప్రతి ఐడీని కొత్త వెర్షన్ మెసేజ్ మాన్యువల్‌లో వెతికి, అదే అర్థంతో ఉందా, అసలు ఉందా అని సరిచూడండి. తీసేసిన ప్రాడక్ట్ తాలూకు ఐడీలు కనిపిస్తే లిస్టులోంచి కొట్టేయండి. పక్కన తేదీ, పేరు రాసి ఉంటే ఆ పని అరగంట. లేకపోతే ఎవరిని అడగాలో తెలియక ఎవరూ తీయరు.